దేవుడిది కాని పేరు

చివరి మాట దగ్గరికి వచ్చేసరికి సమ్మక్క నోరు ఆగిపోయింది.

అప్పటిదాకా అంతా సవ్యంగానే జరిగింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టింది, ఐదు బియ్యపు గింజలు వేసింది, మొదటి ముడి వేసింది. గోడకు ఓదెల మల్లన్న పటం, పటం ముందు దీపం. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కోడలు నవత చేతులు జోడించి ఉంది. వెంకటవ్వ మాత్రం గడప దాటి లోపలికి రాలేదు. బయట నిలబడే ఒక్కొక్క మాట అందిస్తోంది. సూరత్ లింబాయత్ గల్లీల్లో తెలుగువాళ్ళకు ఏ ఆపద వచ్చినా మల్లన్నకు ముడుపు కట్టించేది ఆవిడే.

"మల్లన్న దేవరా, అను."

"మల్లన్న దేవరా."

"నా కొడుక్కు నీ పేరు పెట్టుకున్న."

సమ్మక్క పెదవులు కదిలాయి, అంతే.

"అను సమ్మక్కా. నా కొడుక్కు నీ పేరు పెట్టుకున్న, నీ పేరును నువ్వే కాపాడుకో. గంతే ముచ్చట. పేరు పెట్టిన తల్లే అనాలె. నేనంటే నడువది."

సమ్మక్క గుడ్డ వైపు చూసింది, పటం వైపు చూసింది, ఏమీ తోచక దగ్గింది. వచ్చిన దగ్గు కాదు, తెచ్చుకున్న దగ్గు. కానీ ఆ కరోనా ఏప్రిల్ నెలలో సూరత్‌లో దగ్గుకున్న విలువ దేవుడికి కూడా లేదు. దేవుడు ఒంటి మీదికి వచ్చినా తొణకని వెంకటవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని రెండు అడుగులు వెనక్కి వేసింది. "గొంతు మంచిగైనంక కడ్దాం తియ్యి. జర గరం నీళ్ళు తాగు" అంటూనే గల్లీ మలుపు తిరిగింది.

నవత లేచి నిలబడింది. "ఏంది అత్తమ్మా, నోట్లె నాలిక లేదా?"

"గొంతు పట్టింది బిడ్డా."

"గొంతు పట్టిందా, మనసు పట్టలేదా? ఆడ నా మొగుడు ఊపిరాడక పండుకున్నడు. ఒక్క మాట అననీకి నీకేం బరువైతున్నది?"

సమ్మక్క సగం కట్టిన ముడుపును పటం కింద పెట్టి, కట్టర్ తీసుకుని చీరల కట్ట ముందు కూర్చుంది. మగ్గం దిగిన చీర వెనక వేలాడే దారాలను ఒక్కొక్కటే కత్తిరించడం అత్తాకోడళ్ళ పని. గుడ్డకు తగలకుండా, దారాన్ని మాత్రమే తెంచాలి. చెయ్యి ఏ మాత్రం తొందరపడినా చీర చిల్లు పడుతుంది. ఆ రోజు సమ్మక్క రెండు చీరలు పాడుచేసింది.

మల్లారి ఆమె ఒక్కగానొక్క కొడుకు, నలభై ఏళ్ళవాడు. కార్ఖానాలో పన్నెండు గంటలు మగ్గాలు నడిపి వచ్చి, వచ్చినవాడు వచ్చినట్టే చలిజ్వరంతో ముసుగు పెట్టాడు. ఐదో రోజుకు ఊపిరి అందలేదు. దవాఖానల్లో మంచాలు లేవు పొమ్మన్నారు. చివరికి డిండోలీ దారిలో పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఒక హాల్లో, ఎవరో పుణ్యాత్ములు పెట్టిన ఆక్సిజన్ సెంటర్లో చోటు దొరికింది. చోటు దొరికి మూడు రోజులైంది. ఇంటికి ఒకటే పాసు ఇచ్చారు. పొద్దున నవత పోయి జావ ఇచ్చి వస్తుంది, మధ్యాహ్నం నుంచి సమ్మక్క అక్కడ కూర్చుంటుంది. పిల్లలిద్దరూ నవత చెల్లెలింట్లో ఉన్నారు.

ఇంతకూ సమ్మక్కకు నోరు రాకపోవడానికి కారణం ఒకటే. ఆ పేరు దేవుడిది కాదు. మాలరీది.

మాలరీ అమెరికా సినిమాల హీరో. సమ్మక్క పుట్టకముందు తీసిన నలుపు తెలుపు సినిమాల మనిషి. పెళ్ళయి సూరత్ వచ్చిన కొత్తలో, మగ్గాలకు కరెంటు లేని రోజున మొగుడు సోమలింగం ఆమెను ఇంగ్లీషు సినిమాల పొద్దుటాటకు తీసుకుపోయేవాడు. బొమ్మ కోసం కాదు, హాల్లో చల్లగా ఉంటుందని. దీపాలు ఆర్పిన మరుక్షణం గురక మొదలుపెట్టేవాడు పాపం, వారమంతా మగ్గాల మోతలో నిద్రకు మొహం వాచిన మనిషి. సమ్మక్క ఒక్కతే చూసేది. మాట ఒక్కటి అర్థమైతే ఒట్టు. అర్థం కాకపోవడమే మంచిదైంది, మాటలు వదిలేసి మనిషిని చూసింది. ఆడమనిషి గదిలోకి వస్తే అతను లేచి నిలబడేవాడు. టోపీ తీసేవాడు. ఆమె మాట్లాడుతుంటే అడ్డుపడేవాడు కాదు. ఆమె చెప్పడం అయిపోయాక కూడా ఇంకేమైనా మిగిలిందేమో అని కాసేపు ఆమె మొహంలోకే చూసేవాడు. ఆ కాసేపు కోసమే సమ్మక్క మళ్ళీ మళ్ళీ పోయింది. పదహారేళ్ళ పిల్ల. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఆమె మాటను చివరిదాకా విన్న పాపాన ఎవరూ పోలేదు.

సినిమా హాలు గోడ మీది పోస్టరులో గుజరాతీ అక్షరాల పేరును పక్కింటి పిల్ల చేత చదివించుకుంది. కొడుకు పుట్టాక ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేస్తూ ఆ పేరే చెవిలో చెప్పింది. "మాలరి." పక్కనున్న అత్తకు సగం చెవుడు. "మల్లారా! ఇంటి దేవుని పేరు పెట్టిందే నా కోడలు!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. అంతమంది ఆడవాళ్ళ నడుమ కాదనే ధైర్యం సమ్మక్కకు ఎక్కడిది? పైగా ఆ రోజే మొదటిసారి అత్త ఆమె కంచంలో కూర ముక్కలు ఎక్కువ వేసింది.

నలభై ఏళ్ళ కిందటి అబద్ధం. అబద్ధం కూడా కాదు, దిద్దని తప్పు. ఇన్నేళ్ళలో దాని వల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. ఇప్పుడు మాత్రం దేవుడి ముందు నిలబడి, "నీ పేరు పెట్టుకున్న" అనాలట. కొడుకు ఊపిరి ఆ మాట మీదే ఆధారపడిందట. అని మోసం చేస్తే దేవుడు ఊరుకుంటాడా? అనకపోతే కొడుకు బతుకుతాడా? అడకత్తెరలో పోకచెక్క బతుకయింది సమ్మక్కది.

ఆ పెళ్ళి హాలు ముందు షామియానా కింద కుర్చీలు దూరం దూరంగా వేశారు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే ఎర్ర మఖమలు కుర్చీలు రెండూ ప్లాస్టిక్ కప్పుకుని ఒక మూలన నిలబడి ఉన్నాయి. వాటి పక్కన బల్ల, బల్ల మీద మైకు. మైకు దగ్గర కూర్చునే పెద్దమనిషి ఏదో గుజరాతీ బడిలో మాస్తరు. బడులు మూతపడ్డాయి గనక సేవ చేయడానికి వచ్చాడు. మంచివాడే కానీ మాస్తరు బుద్ధి ఎక్కడికి పోతుంది, జాబితాలో ఎవరి పేరు తప్పుగా కనిపించినా ఎర్ర కలంతో దిద్దేవాడు. నవత చెప్పి రాయించిన 'మల్లారి'ని చదువులేనివాళ్ళ తప్పు అనుకుని, మధ్యలో 'హ' చేర్చి 'మల్హారి' చేశాడు. అలా ఆ జాబితాలో ఇద్దరు మల్హారులయ్యారు.

రెండో మల్హారి తల్లి తుల్సాబాయి. మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి వచ్చి ఇక్కడి నవాగామ్‌లో స్థిరపడిన మరాఠీ మనిషి. తొమ్మిది గజాల చీర, నుదుట రూపాయంత కుంకుమ, చేతిలో ఎప్పుడూ ఒక పసుపు పొట్లం. ఆమె హిందీలో మరాఠీ ఎక్కువ, సమ్మక్క హిందీలో తెలుగు ఎక్కువ, అయినా ఇద్దరికీ పని నడిచిపోయింది. మొన్న మొదటి రోజే అడిగింది.

"నీ కొడుకు పేరేంటి అక్కా?"

"మల్లారి."

తుల్సాబాయి మాస్కు కిందికి లాగేసి మరీ నవ్వింది. "మావాడు మల్హారి! మేం ఖండోబా అంటాం, మీరు?"

"మల్లన్న."

"ఒక్కడే దేవుడు. పసుపు చల్లించుకునే దేవుడు. ఇద్దరం ఆయన పేరే పెట్టుకున్నాం, ఇద్దర్నీ ఆయనే చూసుకుంటాడు, చూడు." పొట్లం విప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుని, సమ్మక్క నుదుటికి ఇంత పసుపు అద్దింది. సమ్మక్క తల వంచి పెట్టించుకుంది. దొంగ సొమ్ము తీసుకుంటున్నట్టు మెడ మీద చెమట పట్టింది.

ముడుపు కట్టలేకపోయిన ఆ మధ్యాహ్నం సమ్మక్క పోయేసరికి తుల్సాబాయి తన పక్క కుర్చీలో చేతిగుడ్డ వేసి చోటు ఆపి ఉంచింది. నాలుగింటికి ఫోన్ల వేళ. లోపల ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న నర్సు ఒక్కొక్క మంచం దగ్గరికి పోయి ఫోను చూపిస్తుంది, బయట బల్ల దగ్గర ఉన్న ఫోనులో ఇంటివాళ్ళు చూసుకోవాలి. మైకు గరగరమంది.

"మల్హారీభాయ్."

ఇద్దరూ లేచారు. ఇద్దరూ దాదాపు పరుగున పోయారు. సమ్మక్క చేతికి ముందు ఫోను అందింది. అందులో గుబురు మీసాల నల్లని మనిషి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఛాతీ మాత్రం ఎగిరెగిరి పడుతోంది.  "నావాడు కాదు, నీవాడే" అని ఫోను తుల్సాబాయికి ఇచ్చింది. ఆమె మాట్లాడింది, పిలిచింది, దేవుడి పేరు చెప్పింది. అతను కళ్ళు తెరవలేదు. నిద్రపోతున్నాడు అంది నర్సు.

రెండోసారి అదే పేరు పిలిచినప్పుడు ఫోను తుల్సాబాయి చేతికే ఇచ్చారు. ఈసారి తెరలో మల్లారి. ఎవరో పెద్దావిడ కనబడగానే లేవబోయాడు. పడుకున్నవాడు, ముక్కుకు మూతికి గొట్టాలు ఉన్నవాడు, మోచేతి మీద ఆనుకుని లేవబోయాడు. నర్సు భుజం పట్టి పడుకోబెట్టింది.

"అరే, నీ కొడుకు నన్ను చూసి లేస్తున్నాడే!" అంది తుల్సాబాయి.

సమ్మక్క ఫోను తీసుకుంది. పేరు ఒక్కటీ పెట్టి ఊరుకున్న తల్లి కాదు ఆమె. ఆడమనిషి వస్తే లేవమని నేర్పింది. ఆడమనిషి మాట్లాడుతుంటే నడుమ నోరు పెట్టినందుకు ఆరేళ్ళప్పుడు చెంప పగలగొట్టింది. పెళ్ళాం చెప్పేది చెయ్యి ఆపి వింటాడని కార్ఖానాలో తోటివాళ్ళు వాణ్ణి ఆటపట్టిస్తారు. ఎక్కడో సముద్రాల అవతలి మనిషి తెర మీద చేసిన మర్యాద, లింబాయత్ ఇరుకు గదిలో ఈ తల్లి తన కొడుక్కు చేతనైనంత దించింది.

"అమ్మా," అన్నాడు మల్లారి. ఒక్కో మాటకూ ఒక ఊపిరి పడుతోంది. "నవత... తిన్నదా?"

"తిన్నది. నువ్వు మాట్లాడకు బిడ్డా, పండుకో."

"నువ్వు చెప్పు. నేను ఇంటున్న."

ఆమె చెప్పడానికి ఏముంది? చీరల కట్టల సంగతి చెప్పింది, పిల్లల సంగతి చెప్పింది, గల్లీలో నీళ్ళు వచ్చిన వేళ చెప్పింది. చెప్పడం అయిపోయాక కూడా వాడు ఆమె మొహంలోకే చూస్తూ ఉన్నాడు. అదే చూపు. సమ్మక్కకు ఏడుపు ఆగలేదు. నర్సు ఫోను తీసేసింది.

దీపాల వేళకు ఇంటికి వచ్చి కాళ్ళు చేతులు కడుక్కుని, దారాల డబ్బా అడుగున పరిచిన కాగితం తీసింది. పాత గుజరాతీ పేపరు ముక్క. ఒకప్పుడు అందులో గాఠియా చిరుతిండి కట్టి ఇచ్చారు, నూనె మరక ఇంకా ఉంది. మాలరీ బొమ్మ, బొమ్మ కింద నాలుగు వరుసలు. అతను చనిపోయాడని ఆ వరుసల్లో ఉందని ఎవరో చదివి చెప్పిన రోజున సమ్మక్క, చావు కబురు విన్న చుట్టంలా, తల మీద నీళ్ళు పోసుకుంది. ఎవరు పోయారే అని సోమలింగం అడిగితే, "మా తల్లిగారి దిక్కు ఒకాయన" అంది. ఆయన సరేనని తనూ స్నానం చేశాడు. హాలీవుడ్ హీరోకు సూరత్‌లో మైల పట్టిన మొగుడూ పెళ్ళాలు వాళ్ళిద్దరే అయ్యుంటారు.

"ఏంది అది?" అంది నవత.

దాచే ఓపిక సమ్మక్కకు లేకపోయింది. కూర్చోబెట్టి చెప్పింది. తొట్టెల ముచ్చట, అత్త చెవుడు ముచ్చట, అన్నీ. నవత చేతిలో కట్టర్ ఆడుతూ ఆడుతూ ఆగిపోయింది. కాగితం తీసుకుని దీపం దగ్గర పట్టి చూసింది.

"గీనెనా?"

"గీనెనే."

"మామ బతికుంటే గీ ముచ్చట ఇని సచ్చిపోతుండె." నవ్వినట్టే అనిపించింది కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా మొగుడు గిట్ల ఎందుకున్నడో నాకు గిప్పుడు సమజైంది. పది మందిల నా మాట ఇంటడు. అది నువ్వు గీన దగ్గర నేర్చినవా?"

"చూసి నేర్చిన."

"మంచిదే. దేవునికి మాత్రం చెప్పకు."

"ఏంది బిడ్డా?"

"దేవుడు గా పేరు తనదే అనుకుంటున్నడు. నలభై ఏండ్ల సంది అనుకుంటున్నడు. అనుకోనీ. నువ్వు గిప్పుడు నిజం నిజం అని కూసుంటే నా పిల్లలకు నాయిన దొరుకుతడా?" నవత కాగితాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టింది. గొంతు పెంచలేదు, అందుకే మరింత భయం వేసింది. "రేపు గా ముడుపు కొంగున కట్టుకొని పో. ఆడ కూసొని, నోరార చెప్పు. నీ నోట్లకెల్లి గా మాట రాక, నా మొగుడు ఇంటికి రాకపోతే, నిన్ను ఈ జన్మల మాఫ్ చెయ్య అత్తమ్మా."

పన్నెండేళ్ళలో నవత అత్తను ఎన్నో అంది. ఇలాంటి మాట ఎప్పుడూ అనలేదు.

మర్నాడు షామియానా కింద ఎండ ముదిరింది. సగం ముడుపు సమ్మక్క కొంగు చివర ఉంది. ఆటోలో వస్తూ చెబుదామనుకుంది, సెంటర్ గేటు దగ్గర చెబుదామనుకుంది. కుర్చీలో కూర్చున్నాక ముడి పట్టుకుని కళ్ళు మూసుకుంది. "మల్లన్న దేవరా" దాకా వచ్చింది. ఆ తర్వాత మూసిన కళ్ళ ముందు మాలరీ టోపీ తీసి నిలబడ్డాడు. అబద్ధం ఆడుతున్నావని అతను అనలేదు. ఆమె ఏం చెబుతుందా అని వింటున్నాడు. అదే ఆమెకు కష్టమైంది.

తుల్సాబాయి సీసాలో మజ్జిగ తెచ్చింది. మూతలో పోసి ఇచ్చింది. "రాత్రి కల వచ్చింది. మావాడు, మీవాడు ఒకే గుర్రం మీద వస్తున్నారు. ఖండోబా గుర్రం మీద" అని చెప్పింది. సమ్మక్క మజ్జిగ తాగి మూత తిరిగి ఇచ్చింది.

అప్పటికి రెండు కూడా కాలేదు. ఫోన్ల వేళ కాదు. మైకు గరగరమంది.

"మల్హారీభాయ్ ఇంటివాళ్ళు లోపలి ఆఫీసుకు రావాలి."

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తలలు దించుకున్నారు. బల్ల దగ్గరికి రమ్మంటే ఫోను. లోపలి ఆఫీసుకు రమ్మంటే అర్థం ఒకటే. మూడు రోజుల్లో అది అందరికీ తెలిసిపోయింది.

ఇద్దరూ లేచారు. తుల్సాబాయి సమ్మక్క మణికట్టు పట్టుకుంది, పసుపు అంటిన వేళ్ళతో, గట్టిగా. అలాగే నడిచారు. పదిహేను అడుగుల దూరంలో ఉంటుంది ఆ తలుపు. ఆ పదిహేను అడుగుల్లో సమ్మక్క ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. ఆమెవాడు కావాలి, నావాడు కాకూడదు, అనుకుంది. పక్కన చెయ్యి పట్టుకుని నడుస్తున్న మనిషి కొడుకే కావాలి, అనుకుంది. మనసులో అంత స్పష్టంగా ఆమె ఎప్పుడూ ఏదీ కోరుకోలేదు.

తలుపు దగ్గర మాస్తరు ఎదురొచ్చాడు. చేతిలో కాగితం. ఇద్దరు ఆడవాళ్ళను చూసి తడబడ్డాడు.

"మల్హారీభాయ్ తరఫు ఎవరు?"

"నా కొడుకు కాదు!" సమ్మక్క గొంతు షామియానా అంతా వినిపించింది. "నా కొడుకు మల్హారి కాదు. మాలరి. మా-ల-రి. దేవుని పేరు కాదు సాబ్ అది. సినిమా ఆయన పేరు. నేనే పెట్టిన. నువ్వు పిలిచింది నా కొడుకును కాదు!"

నలభై ఏళ్ళు నోట్లో దాచి, రాత్రి కోడలి చెవిన మాత్రం వేసిన నిజం. తొట్టెల దగ్గర రాలేదు, మొగుడి ముందు రాలేదు, నిన్న దేవుడి ముందు రాలేదు. ఈరోజు వచ్చింది, చావును పక్క మనిషి మీదికి తోయడానికి వచ్చింది.

మాస్తరు కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇంటిపేరు గుండేటి?"

"నాది."

"ఇది పాటిల్."

మణికట్టు మీద వేళ్ళు వదులయ్యాయి. తుల్సాబాయి ఆమె వైపు చూడలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గడప తగలకుండా చూసుకుని, లోపలికి పోయింది.

సమ్మక్క ఒళ్ళంతా చల్లబడింది. అది సంతోషమే, దానికి ఇంకో పేరు లేదు. నా కొడుకు ఉన్నాడు, ఉన్నాడు. తర్వాత ఎర్ర మఖమలు కుర్చీల వెనక్కి పోయి, తాగిన మజ్జిగంతా కక్కుకుంది.

తుల్సాబాయి చాలాసేపటికి బయటికి వచ్చింది. ప్లాస్టిక్ సంచి మధ్యలో మొహం ఒక్కటే చూపించారట. బండి వచ్చేదాకా ఆగాలట, బండిలో ఇంటివాళ్ళను ఎక్కించుకోరట. చిన్నకొడుకు బార్డోలీ నుంచి బయలుదేరాడట. ఇవన్నీ ఆమె ఎవరికీ చెప్పడం లేదు, గాలికి చెబుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు కుర్చీలు ఇంకాస్త దూరం జరుపుకున్నారు. తప్పు పట్టడానికీ లేదు, అందరివీ భయపడ్డ ప్రాణాలే.

సమ్మక్క దూరంగానే నిలబడింది. పోవాలా వద్దా? ఏ మొహం పెట్టుకుని పోవాలి? ఆ అరుపు ఆమె విన్నది, పక్కనే ఉండి విన్నది. అయినా కాళ్ళు అటే నడిచాయి. కుర్చీ లాక్కోలేదు, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.  ఆమె చెబుతున్నది వింది. మల్హారికి చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయి. జేజురీలో ఖండోబా గుడికి భుజం మీద ఎత్తుకుపోయి మొక్కితే మూడో రోజున మాట వచ్చింది. మొదటి మాట నీళ్ళు. మరాఠీలో చెప్పుకుపోతోంది, సగం అర్థం కావడం లేదు. అర్థం కాని భాషలో మనిషిని ఎలా వినాలో సమ్మక్కకు బాగా తెలుసు. మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆమె ఆగాక కూడా చూస్తూనే ఉంది.

కొంతసేపటికి తుల్సాబాయి కళ్ళు తుడుచుకుని, హిందీలోకి మారింది.

"అక్కా, అక్కడ ఏదో అన్నావు. నీ కొడుకుది దేవుడి పేరు కాదన్నావు."

సమ్మక్క తల దించుకుంది.

"నిజం చెప్పు. నాకు ఒకటే ఆసరా ఉంది ఇప్పుడు. ఆయన పేరున్న పిల్లలు ఇద్దరు లోపల ఉన్నారు. ఒకణ్ణి తీసుకున్నాడు, ఒకణ్ణి ఉంచాడు అనుకుంటాను. పూర్తిగా మొహం తిప్పుకోలేదు అనుకుంటాను. నీవాడిది ఆయన పేరు కాకపోతే..." చేతిలోని పసుపు పొట్లం వైపు చూసింది. "కాకపోతే ఆయన అక్కడ లేనే లేడు అక్కా. నా పిలగాడు ఒక్కడే పోయాడు."

నిజం చెప్పేసింది కదా, మళ్ళీ చెప్పడానికి బరువేమీ లేదు. పేపరు ముక్క రవికలోనే ఉంది, తీసి చూపించవచ్చు. నిన్నటి నుంచి ఆమె వెతుకుతున్నది నిజం చెప్పడానికి ఒక చోటే. సమ్మక్క తల ఎత్తి తుల్సాబాయి మొహంలోకి చూసింది.

"భయంతోని అన్న," అంది. "తల్లిని గద, నోటికొచ్చింది అన్న. దేవుని పేరే. నా కొడుక్కు నేను దేవుని పేరే పెట్టుకున్న."

గొంతు పట్టలేదు, దగ్గు రాలేదు. మాట నున్నగా బయటికి వచ్చింది. దానితో పాటు, నలభై ఏళ్ళుగా లోకంలో తనది అనుకున్న ఒక్కటీ చేజారిపోయిందని సమ్మక్కకు తెలిసింది. ఇకమీద కొడుకును ఎవరు పిలిచినా ఆ టోపీ మనిషి పలకడు. దుఃఖం వచ్చింది, కానీ ఈ మనిషి దుఃఖం ముందు దాన్ని బయటికి తీయడానికి సిగ్గేసింది.

తుల్సాబాయి చాలాసేపు ఆమె కళ్ళలోకి చూసింది. నమ్మిందో, నమ్మాలని నిశ్చయించుకుందో. తల ఊపి, "బతకనీ" అంది. "బతకనీ వాణ్ణి."

బండి ఇంకా రాలేదు. ఎండ షామియానా అంచు దాటి కాళ్ళ మీదికి వచ్చింది. ఇద్దరూ జరగలేదు.

నాలుగైంది. మాస్తరు గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు. ఎర్ర కలం దిద్దిన జాబితా ఆయన ఎదురుగా ఉంది.

"మల్హారీభాయ్."

ఇద్దరూ కదిలారు. తుల్సాబాయి కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచింది. అలాగే ఒక క్షణం ఆగి, మళ్ళీ కూర్చుంది.

సమ్మక్క ఆమె చెయ్యి మెల్లగా వదిలించుకుని, ఒక్కతే బల్ల దగ్గరికి నడిచింది. పేరు తప్పని మాస్తరుకు చెప్పలేదు.